రెండో బ్రేకు

మా కారుకి బ్రేకులు రెండు. ఒకటి స్టీరింగు ముందు కూర్చునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో కూర్చునే మా అన్నయ్య కాలి కింద. డ్రైవింగ్ స్కూలు కార్లన్నీ అంతే. నేర్చుకునేవాళ్ళు కంగారుపడినా, కుడీ ఎడమా మర్చిపోయినా, ఎదురుగా లారీ వస్తే కళ్ళు గట్టిగా మూసుకున్నా (మూసుకున్నవాళ్ళున్నారు) పక్కనున్న మనిషి టక్కున తొక్కేస్తాడు. బండి ఆగుతుంది, అందరూ క్షేమంగా ఇంటికి పోతారు.

చిక్కేమిటంటే, ఏళ్ళ తరబడి ఆ పనే చేసి చేసి అన్నయ్య కుడికాలికి వేరే బతుకు లేకుండా పోయింది. బస్సెక్కినా తొక్కుతాడు. సినిమాలో కారు జోరుగా పోతుంటే ముందుసీటుని తంతాడు. భోజనాల దగ్గర వదిన గరిటె నిండా తీస్తే చాలు, బల్ల కింద కాలు నేలకేసి నొక్కుతాడు. మేం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. ఆ వేసవి వచ్చేదాకా అది మాకు నవ్వులాటే.

ఇంట్లో నలుగురం. అన్నయ్య మా డ్రైవింగ్ స్కూలుకి యజమాని, గురువు, కారు కడిగే మనిషి కూడా. వదిన ముందుగదిలో గాజు బల్ల వెనక కూర్చుని ఎవరెప్పుడు రావాలో రాసుకుంటుంది, ఫోన్లు ఎత్తుతుంది, ఎవరైనా బేరమాడితే కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తుంది. తర్వాత వాళ్ళు బేరమాడరు. నేను అన్నయ్యకి చెల్లెల్ని. నా పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళి కారు అద్దాలు తుడుచుకునే రకాన్ని. ఉదయంపూట ఆడవాళ్ళకి నేర్పేది నేనే. ఇక నాలుగో మనిషి వాళ్ళ కూతురు, నా మేనకోడలు. పుట్టినప్పుడు కూడా గట్టిగా ఏడవలేదని వాళ్ళ నాన్న దానికి సైలెన్సరని ముద్దుపేరు పెట్టాడు. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో తప్ప ఎక్కడా వాడినట్టు నాకు గుర్తులేదు.

అది మాట్లాడలేని పిల్ల కాదు. మాట్లాడటానికి దానికి తొందరలేదు, అంతే. ఏదైనా అడిగితే ముందు ఆలోచించుకుంటుంది, మాటలు లోపల పేర్చుకుంటుంది, అప్పుడు నోరు తెరుస్తుంది. ఈలోగా అన్నయ్య చెప్పేస్తాడు. దాని చిన్నప్పుడు చుట్టాల్లో ఒకావిడ "పాపం, పిల్లకి బుర్ర కాస్త నెమ్మదా?" అని జాలిపడింది. ఆ మాట అన్నయ్య గుండెలో ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచీ దాని క్లాసేమిటో, దానికి ఆకలేస్తోందో లేదో, ఆ గౌను నచ్చిందో లేదో అన్నీ తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకెవరూ దాన్ని అలా జాలిగా చూడకూడదని ఆయన తాపత్రయం. ఆవిడ జాలిపడ్డ పిల్లేమో హైస్కూల్లో కాలుపెట్టిన దగ్గర్నుంచి మొదటి స్థానం మరొకరికి ఇచ్చిన పాపాన పోలేదు.

స్కాలర్‌షిప్ సంగతి మాకు మొదట తెలిసింది కారులోనే. దాని స్కూల్లో లెక్కలు చెప్పే మేడమ్ నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేది. మనిషి బంగారం. రివర్సు మాత్రం రాదు. లైసెన్సు పరీక్షకి వెళ్ళడం, ముఖం వేలాడేసుకుని రావడం ఆవిడకి అలవాటైపోయింది. పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయిన వారంలో ఒకరోజు పొద్దున్నే ఇంటి వెనక ఖాళీస్థలంలో ప్లాస్టిక్ కోన్ల మధ్య వెనక్కి తోలిస్తున్నాను.

"వెనక్కి చూడండి మేడమ్."

"చూస్తున్నా. అవునూ, మీ మేనకోడల్ని ఎక్కడ చదివిద్దామనుకుంటున్నారు?"

"అద్దంలోకి చూడండి, నా మొహంలోకి కాదు."

"పెద్ద యూనివర్సిటీవాళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. హైస్కూల్లో బాగా చదివిన పిల్లలకి. ఫీజూ, హాస్టలూ, పుస్తకాలూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఉన్నవాళ్ళా లేనివాళ్ళా అని చూడరు, చదువొక్కటే చూస్తారు. ముందు మార్కులు, తర్వాత రాతపరీక్ష, ఆఖర్న ఇంటర్వ్యూ. అక్కడ లెక్కలు చదవాలిగాని, అబ్బా! దానికి రాకపోతే ఇంకెవరికొస్తుందో నేనూ చూస్తాను!"

ఆ ఊపులో బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కింది. నేను నా బ్రేకు తొక్కేలోగా ఒక కోను కారు కిందికి పోయింది.

మధ్యాహ్నం ఆ మాట ఇంట్లో చెప్పాను. అన్నయ్య చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు.

"లెక్కలు చదివి ఏం చేస్తుంది?"

"ఇంకా పెద్ద లెక్కలు చేస్తుందట."

"అంత దూరం పోయా?"

"లెక్కలు పెద్దవి కదా, దూరంగానే ఉంటాయి" అంది వదిన పళ్ళేలు తీస్తూ. నవ్వింది గాని, పళ్ళేలు పట్టుకున్న మనిషి అక్కడే నిలబడిపోయింది.

ఆ యూనివర్సిటీలో మా డబ్బుతో చదివించడం మా తాహతుకి మించిన పని. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. స్కాలర్‌షిప్ వస్తే వెళ్తుంది. రాకపోతే ఊళ్ళో కాలేజీలో ఏది దొరికితే అందులో చేరి, సాయంత్రాలు వదిన పక్కన గాజు బల్ల వెనక కూర్చుంటుంది. అన్నయ్య అందుకని ముందే ఒక కుర్చీ కొని ఉంచాడు, మెత్తటి దిండు వేసి మరీ. ప్రేమతోనే కొన్నాడు. ఆ కుర్చీని చూసినప్పుడల్లా మా సైలెన్సరు పక్కగా తిరిగి నడిచేది.

ఆ సాయంత్రం ఇద్దరం కారు కడుగుతుంటే అడిగాను. "నిజం చెప్పు. నీకు వెళ్ళాలనుందా?"

ముందద్దం మొత్తం తుడిచింది. గుడ్డ పిండింది. మళ్ళీ ఒక మూల తుడిచింది.

"చాలా ఉందత్తా" అంది.

అంతే అంది. కానీ 'చాలా' అనే మాట దాని నోట నేను వినడం అదే మొదటిసారి. ఎలాగైనా సరే, ఇది వెళ్ళాలి అనుకున్నాను.

రాతపరీక్ష దానికి పెద్ద లెక్క కాలేదు. నెగ్గిన కబురు వచ్చాక అన్నయ్య వారం రోజులు నేలమీద నడవలేదు. మూలమలుపు దగ్గర హడలిపోతూ స్టీరింగు పట్టుకున్న కుర్రాళ్ళకి "గేరు మార్చు బాబూ, అన్నట్టు మా అమ్మాయి..." అంటూ మొదలుపెట్టేవాడు. పెట్రోలు బంకువాడికి చెప్పాడు. టైర్లకి గాలి కొట్టేవాడికి చెప్పాడు. లైసెన్సు పరీక్ష పెట్టే ఆఫీసరుకీ చెప్పాడు, ఆయన అడక్కపోయినా.

ఇక మిగిలింది ఇంటర్వ్యూ. అన్నయ్య ఇల్లు పీకి పందిరేశాడు.

పరీక్ష ఏదైనా పరీక్షేనని అన్నయ్య సిద్ధాంతం. డ్రైవింగ్ పరీక్షకి పోయేవాళ్ళందరికీ ఆయన ఒక పాఠం చెబుతాడు. "నువ్వు అద్దం చూశావా లేదా అని కాదు, చూసినట్టు ఆఫీసరుకి కనపడిందా లేదా, అదీ! కళ్ళు తిప్పితే ఎవరికి తెలుస్తుంది? తలకాయ మొత్తం తిప్పాలి." మా స్కూలు నుంచి వెళ్ళినవాళ్ళు పరీక్షలో మెడ తిప్పే తీరు చూసి, ఆఫీసరు కారెక్కకముందే "ఓహో, మీరు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారా?" అనేవాడు. అదే పాఠం కూతురికీ మొదలైంది.

ఖాళీస్థలంలో మూడు కుర్చీలు వేసి, ఒక్కో దానిమీద ఒక్కో నారింజరంగు కోను నిలబెట్టాడు. వాళ్ళే ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషులు. ఒక కోను కారు కింద పడి నలిగిందే, దాన్ని మధ్యలో పెట్టాడు, పెద్దాయనలా ఉందని.

"రా. తలుపు తీశావు. ఎడమకి చూడు, నమస్కారం. తల తిప్పు, ఇంకా, ఇంకా. మధ్యకి, నమస్కారం. కుడికి. ఆఁ! ఇప్పుడు అడుగుతారు. 'ఏమ్మా, ఈ స్కాలర్‌షిప్ నీకే ఎందుకివ్వాలి?'"

అది కోన్ల వంక చూస్తూ ఆలోచనలో పడింది. పెదవి కొంచెం కదిలింది.

"ఎందుకంటే సార్," అన్నాడు అన్నయ్య, "చిన్నప్పట్నుంచీ మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. చెప్పు, అలా చెప్పు."

"చిన్నప్పట్నుంచీ..."

"గట్టిగా! 'చిన్నప్పట్నుంచీ నాకు లెక్కలంటే ప్రాణం సార్, ఒకసారి ఏమైందంటే...'"

కిటికీలోంచి వదిన తల బయటికి పెట్టింది. "ఇంటర్వ్యూ దానికా, మీకా? మీకైతే చెప్పండి, చొక్కా ఇస్త్రీ చేసి పెడతాను."

అన్నయ్య ఉడుక్కున్నాడు. "అది మాట్లాడదే! మాట్లాడకపోతే వాళ్ళేమనుకుంటారు?"

ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఆ పాత చుట్టాలావిడ నిలబడి ఉంది. నాకు జాలేసింది. ఒళ్ళూ మండింది. మా అన్నయ్య విషయంలో నాకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

ఆ వేసవిలోనే దానికి డ్రైవింగ్ నేర్చుకునే వయసొచ్చింది. ఖాళీస్థలంలో నా పక్కన కూర్చుని చక్కగానే తోలేది. దానిది నిదానమే గాని చెయ్యి తడబడదు. రోడ్డు మీదికి మాత్రం తనే తీసుకెళ్తానని అన్నయ్య పట్టుపట్టాడు. ఎల్ బోర్డు తగిలించి, నన్ను వెనకసీట్లో కూర్చోబెట్టాడు, కూతురు తోలుతుంటే చూడటానికి ఒక సాక్షి ఉండాలని.

మొదటి కూడలి దగ్గర అటునుంచి ఒక ఆటో వస్తోంది, చాలా దూరంలో. పిల్ల క్లచ్ మీద కాలు పెట్టబోతోంది. టక్! అన్నయ్య తొక్కేశాడు. క్లచ్ పడకుండా బ్రేకు పడితే ఇంజను ఆగిపోతుంది. ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. రెండో కూడలిలోనూ అదే వరస. పెట్రోలు బంకు దగ్గర కూడలికి వచ్చేసరికి రోడ్డు ఖాళీ. ఎక్కడో సైకిలు మీద ఒకాయన తన మానాన తను పోతున్నాడు. టక్!

బండి కూడలి నడిమధ్యన ఆగింది. వెనక ఎక్కడినుంచి ఊడిపడ్డాయో గాని కార్లు వచ్చేశాయి. హారన్లు మోగిపోతున్నాయి.

మా సైలెన్సరు గేరు న్యూట్రల్లో వేసింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. బెల్టు తీసింది. తలుపు తీసుకుని దిగింది. వాళ్ళ నాన్న నేర్పినట్టే తలకాయ మొత్తం తిప్పి ఎడమకీ కుడికీ చూసి, రోడ్డు దాటి, ఇంటివైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

నేను ముందుకి దూకి కారు పక్కకి తీశాను. అన్నయ్య పక్కసీట్లో బొమ్మలా కూర్చున్నాడు.

"నేను తొక్కకపోతే గుద్దేది" అన్నాడు.

"గుద్దేదేమో. గుద్దకపోయేదేమో. నువ్వు తొక్కేశాక ఎలా తెలుస్తుంది?"

ఆయన తన కాలి వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది.

ఇంటికొచ్చేసరికి అది ఖాళీస్థలంలో, కోన్ల ముందు, నేలమీద కూర్చుని ఉంది. పక్కన చతికిలపడ్డాను. తొందరపెట్టలేదు.

"నాన్న తొక్కేస్తాడని తెలుసు కదత్తా, అందుకని నా కాలు కదలట్లేదు" అంది. "మాట కూడా అంతే. నేను అనేలోపు నాన్న అనేస్తాడని తెలుసు. అది అక్కడే ఆగిపోతుంది."

"ఇంటర్వ్యూలో నాన్న పక్కన ఉండడుగా."

"ఉండడు" అంది. "అదే భయం."

దాని వీపు నిమిరాను. నలిగిన కోను మమ్మల్ని చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఇంటర్వ్యూ దాకా అన్నయ్య దాన్ని కారెక్కించలేదు. కుర్చీలు లోపల పెట్టేశాడు. ఇద్దరూ పొడిపొడిగా మాట్లాడుకునేవాళ్ళు. అంటే అన్నయ్య మాట్లాడటం మానేశాడు, అది ఎప్పటిలాగే ఉంది. ఇల్లంతా ఎవరో ఊరికి పోయినట్టుండేది.

ఇంటర్వ్యూకి అన్నయ్య, నేను తీసుకెళ్ళాం. లైసెన్సు పరీక్షలకి పోయేవాళ్ళున్నారని వదిన ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి కూతురి కాలరు సర్దింది, మళ్ళీ సర్దింది. "నీకు తోచింది చెప్పు. తోచకపోతే తోచలేదని చెప్పు" అంది. మా ఇంట్లో అసలు తెలివి ఎవరిదో నాకు అప్పుడప్పుడు అలా గుర్తొస్తుంటుంది.

యూనివర్సిటీలో పొడుగాటి వరండా. గోడ పొడవునా బెంచీలు. బెంచీల మీద మెరికల్లాంటి పిల్లలు, వాళ్ళ పక్కన వాళ్ళకంటే ఎక్కువ చెమటలు పట్టిన తల్లిదండ్రులు. ఒకాయన కొడుకు చేత ఏదో వల్లె వేయిస్తున్నాడు. ఒకావిడ కూతురి జుట్టు విప్పి మళ్ళీ అల్లుతోంది. అందరూ వాళ్ళ వాళ్ళ స్కూళ్ళలో మొదటివాళ్ళే. అంతమందిని ఒక్కచోట చూసేసరికి, మనది మన వీధిలోనే మొదటిది, ఇక్కడ అన్నీ మొదటివే కదా అనిపించింది.

ముందు పిల్లని ఒక్కదాన్నే పిలిచారు. చివర్లో ఇంటివాళ్ళనీ పిలుస్తారని, షరతులు వివరిస్తారని తలుపు దగ్గరమ్మాయి చెప్పింది. మసక అద్దం తలుపు వెనకనుంచి మాటలేవీ వినపడలేదు. నా పక్కన అన్నయ్య కాలు నేలని నొక్కుతూనే ఉంది. ఎదురు బెంచీ ఆయన "కాలు బెణికిందాండీ?" అని పాపం కనుక్కున్నాడు.

తర్వాత మమ్మల్ని పిలిచారు. పొడుగు బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తల నెరిసిన పెద్దావిడ, అటూ ఇటూ ఒక బట్టతలాయన, ఒక కుర్రాయన. మా పిల్ల వాళ్ళకెదురుగా నిటారుగా కూర్చుని ఉంది. మాకు దాని వెనక గోడవార రెండు కుర్చీలు.

"రండి, కూర్చోండి" అంది పెద్దావిడ. "మీ అమ్మాయి లోపలికి రాగానే గదంతా మెడ తిప్పి తిప్పి చూసింది. ఎవరికోసమైనా వెతుకుతున్నావా అమ్మా అంటే, అద్దాలు చూసుకుంటున్నానండీ అంది. ఈ గదిలో అద్దం ఎక్కడుందా అని మేం ముగ్గురం వెతుక్కున్నాం."

అన్నయ్య చెవులు ఎర్రబడిపోయాయి. కుర్రాయన నవ్వాపుకోలేక కాగితాలు సర్దుకున్నాడు. మా పిల్ల వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. అది కదల్లేదు.

"రాతపరీక్షలో వంక పెట్టడానికి ఏమీ లేదు" అంది పెద్దావిడ. "కానీ ఇందాకట్నుంచీ నువ్వు చాలా తక్కువ మాట్లాడావు. మీవాళ్ళ ముందు ఒకటే అడుగుతాను. ఈ స్కాలర్‌షిప్‌కి ఒక షరతుంది. ఏటేటా మార్కులు నిలబెట్టుకోవాలి. తగ్గితే ఆగిపోతుంది. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఫస్టు వచ్చినవాళ్ళే. అందరూ ఫస్టే అయినచోట ఎవరో ఒకరు ఆఖరుకి పోక తప్పదు కదా. అది నువ్వే అయితే? ఏం చేస్తావు?"

పైన ఫ్యాను తిరుగుతోంది. నా మేనకోడలు ఆలోచించుకుంటోంది.

బట్టతలాయన పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. కుర్రాయన తల పైకెత్తాడు. అది ఇంకా ఆలోచించుకుంటోంది. పక్కన అన్నయ్య ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. ఆయన ఏమనబోతున్నాడో నాకు తెలుసు. 'మా అమ్మాయి ఆఖరుకి పోదండీ, ఆ మాటే లేదు' అంటాడు. కాలు ముందుకి జరిగి బూటు నేలమీద గట్టిగా నొక్కుకుంది.

ఇంతలో ఆయన చెయ్యి పైకి లేచింది. దగ్గబోయినవాడిలా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గలేదు. చెయ్యి అక్కడే ఉంచేశాడు. కాలిని ఆపడం ఆయన వల్ల కాలేదు, అది తొక్కుతూనే ఉంది. నోటిని మాత్రం మూసిపెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో అలాగే కూర్చున్నాడు. నా మొత్తం బతుకులో మా అన్నయ్య మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"ముందు ఆగిపోతానండి" అంది మా పిల్ల.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. పెద్దావిడ ఎదురుచూసింది. ఆ ఎదురుచూపుకి నేను ఆవిడకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

"మా ఇంట్లో కారు నేర్పుతారండి" అంది మళ్ళీ, ఒక్కొక్క మాటే. "నేర్చుకునేవాళ్ళ బండి రోజూ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వెనక అందరూ హారన్లు కొడతారు. వాళ్ళు కొడుతూనే ఉంటారు. ఎందుకు ఆగిందో చూసుకుని, న్యూట్రల్లో వేసి, మళ్ళీ స్టార్ట్ చెయ్యడమే." ఆగింది. "మొన్న నాకు అలాగే ఆగిపోతే, నేను దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయాను. బండి రోడ్డు మీదే ఉండిపోయింది. మా నాన్న కూడా. అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఈసారి దిగనండి."

పెద్దావిడ కళ్ళజోడు తీసి మా పిల్లని చూసింది, తర్వాత దాని మీదుగా అన్నయ్యని చూసింది. ఆయన చెయ్యి ఇంకా నోటిమీదే ఉంది.

"సరే అమ్మా" అంది. "వెళ్ళి రండి."

తిరుగుదారిలో ఒకచోట టీ తాగడానికి ఆపాం. "ఆకలేస్తోందా?" అని అడిగాడు అన్నయ్య. అడిగి ఊరుకున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి రెండు బన్నులు చెప్పేసి ఉండేవాడు. కొట్టువాడు గిన్నెలు కడుక్కున్నాడు, ఒక లారీ వచ్చి వెళ్ళింది.

"వేస్తోంది నాన్నా" అంది చివరికి.

ఆ తర్వాత వేసవి కదలకుండా కూర్చుంది. ఫోను మోగితే చాలు నలుగురం ఉలిక్కిపడేవాళ్ళం. అడ్రస్ అడిగేవాళ్ళు, టైము మార్చుకునేవాళ్ళు, రాంగు నంబర్లు. అన్నయ్య రాంగు నంబరువాళ్ళని కూడా మర్యాదగా "మీరు యూనివర్సిటీ నుంచి కాదు కదండీ?" అని అడిగేవాడు.

ఆ ఫోను వచ్చినప్పుడు ముందుగదిలో అందరం ఉన్నాం. లెక్కల మేడమ్ కూడా ఉంది, ఇంకోసారి లైసెన్సు పరీక్ష తప్పి వచ్చి వదినకి కథంతా చెప్పుకుంటోంది. ఎత్తింది అన్నయ్యే. విన్నాడు. ముఖంలో రంగు మారింది. "ఆఁ, ఉందండి. ఇక్కడే..." అంటూ మామూలుగా మొదలుపెట్టిన మనిషి, మాట మింగేసి, ఫోను కూతురి చేతికిచ్చాడు.

"ఆఁ" అంది అది. చాలాసేపు వింది. "ఆఁ. అలాగేనండి. థాంక్సండి." పెట్టేసింది. వెళ్ళి తలుపు పక్కనున్న కోన్లు ఒకదాంట్లో ఒకటి పేర్చడం మొదలుపెట్టింది.

అన్నయ్య అడగలేదు. గోడకి ఆనుకుని, రెండు చేతులూ కట్టుకుని, పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. కాలు తొక్కుతోంది. మేడమ్ నా చెయ్యి గిల్లుతోంది. ముందు తట్టుకోలేకపోయింది వదినే, ఎప్పుడూ తొణకని మనిషి.

"ఏమన్నారే తల్లీ! చెప్పవే, చచ్చేలా ఉన్నాం!"

అది చివరి కోను పేర్చింది. "ఇచ్చారంట" అంది.

మేడమ్ కేక వేసి, పక్కనే ఉన్న దిండు కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆవిడే. వదిన కూతుర్ని కోన్లతో సహా కావలించుకుంది. అన్నయ్య "కారు కడగాలి" అని బయటికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే కడిగిన కారుని మళ్ళీ చాలాసేపు కడిగాడు. ఎవరం ఆయన జోలికి పోలేదు.

చేరాల్సిన రోజు పొద్దున్నే సామాన్లు డిక్కీలో సర్దేశాం. వదిన, నేను వెనక కూర్చున్నాం. అన్నయ్య తాళంచెవి తీసి కూతురికిచ్చాడు. ఎల్ బోర్డు ముందు ఒకటి, వెనక ఒకటి తగిలించాడు. తర్వాత పక్కసీటు తలుపు తీసి, కింద తన బ్రేకు వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. బూట్లు విప్పి నా చేతికిచ్చాడు. ఎక్కి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇదేం కూర్చోవడమండీ!" అంది వదిన.

"ఇలాగే బాగుంది" అన్నాడు.

పెట్రోలు బంకు కూడలి దగ్గర బండి ఆగిపోయింది. ఈసారి మా పిల్ల తప్పే, క్లచ్ తొందరగా వదిలేసింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అన్నయ్య రెండు చేతులతోనూ మోకాళ్ళు గట్టిగా పట్టుకుని బంకు వైపు చూస్తూ ఉండిపోయాడు. అది న్యూట్రల్లో వేసింది, స్టార్ట్ చేసింది, అద్దాలన్నీ తలకాయ తిప్పి మరీ చూసుకుంది. బయల్దేరాం.

అంత దూరమూ ఆయన అలాగే కూర్చున్నాడు. మధ్యలో ఆపినప్పుడు కూడా దిగలేదు. యూనివర్సిటీ గేటు ముందు బండి ఆగాక దిగబోతే కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాడు. తలుపు పట్టుకుని వేలాడుతుంటే కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి భుజం ఇచ్చింది. ఉత్తకాళ్ళతో, దానిమీద వాలి, కుంటుకుంటూ గేటు దాకా నడిచాడు. వెనకాల బూట్లు పట్టుకుని నేను, దుప్పట్లు మోసుకుంటూ వదిన.

గేటు దగ్గర కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, ఏమైందండీ పెద్దాయనకి? కాళ్ళకి ఏమైనా జబ్బా?"

అన్నయ్య చెప్పబోయి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. కూతురి మొహంలోకి చూశాడు.

అది ఆలోచించుకుంది. మేమందరం ఎండలో నిలబడి ఎదురుచూశాం.

"జబ్బేం లేదండి" అంది. "దారంతా బ్రేకు తొక్కకుండా కూర్చున్నాడు మా నాన్న."